ఎడమకి చెయ్యి చూపించినాడు

సోమవారం షాపు ఎందుకు మూసినావని మీరంతా అడిగితే జ్వరమని చెప్పినా కదా. జ్వరమూ లేదు, గిరమూ లేదు. రొయ్యల గుంటలోకి కారు దింపినా! దింపడం ఒక్కటే అయితే ఆరోజే చెప్పేసేదాన్ని. ఎవరి మాట విని దింపినానో, దింపినాక ఎవరితో పోట్లాడినానో చెప్పాలంటే సిగ్గేసి జ్వరమనేసినా. సరే, టీ తాగతా వినండి. మధ్యలో నవ్వినోళ్ళ బ్లౌజులు మాత్రం పెళ్ళికి అందవు, ముందే చెప్తున్నా.

మా మామయ్య సంగతి మీకు తెలుసు. బస్సు కండక్టరుగా చేసి రిటైరైనాడు. ఉద్యోగం రిటైరైంది గానీ ఆయన నోరు కాలేదు. కారెక్కినా "రైట్... రైట్... పోనీ" అంటానే ఉంటాడు. ఆయనకి చెన్నైలో కంటి ఆపరేషన్ చేయించినాం. ఆ కంటి మీద ప్లాస్టిక్ మూత, దాని మీద నల్ల కళ్ళద్దాలు. రెండో కంట్లో ఇంకా పొర ఉండాది, దానికి తర్వాత చేస్తామన్నారు. అంటే ప్రస్తుతానికి మనిషికి వెలుగూ నీడా తప్ప ఏమీ తెలీదు. డాక్టరేమో ఒకటే మాట: వంగొద్దు, బరువెత్తొద్దు, గట్టిగా తుమ్మొద్దు, కంట్లోకి నీళ్ళు పోనీయొద్దు, గాలి తగలనీయొద్దు. "కన్ను జాగ్రత్తమ్మా, మళ్ళీ చేయాల్సి వస్తే కష్టం" అని నా మొహం చూసే చెప్పినాడు. మా ఆయన మొహం చూడలేదు. డాక్టర్లకు కూడా తెలిసిపోతుంది, ఇంట్లో పని ఎవరి నెత్తిన పడుతుందో.

వచ్చేటప్పుడు సూళ్ళూరుపేటలో మా పెద్దాడబిడ్డ ఇంట్లో దిగినాం. ఆదివారం సాయంత్రం మా ఆయనకి ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. అంతే, బ్యాగు భుజానేసుకొని రైలెక్కేసినాడు. "కారు నువ్వు తీసుకొచ్చెయ్ గ్రేసూ. లైసెన్సు ఉండాది కదా. హైవే. స్ట్రెయిట్ రోడ్డు. స్టీరింగు తిప్పే పని కూడా లేదు."

లైసెన్సు ఉండాది, నిజమే. నేను నడిపింది మాత్రం మన వీధిలో, చర్చి దాకా, కూరగాయల మార్కెట్టు దాకా. హైవే మీద ఎప్పుడూ పోలేదు.

సోమవారం పొద్దున్నే టీ తాగి బయల్దేరినాం. నాయుడుపేట దాకా బాగానే వచ్చినా. ఆ తర్వాత మొదలైనాయి లారీలు! ఒక్కోటి మన షాపు కాంప్లెక్సంత ఉంటుంది. వెనకాల నుంచి వచ్చి హారను కొడితే నా చేతులు స్టీరింగు మీదే ఎగిరేవి. దాటిపోయేటప్పుడు ఆ గాలికి కారు పక్కకి జరిగేది. చిల్లకూరు వచ్చేసరికి జాకెట్టు వీపంతా తడిసిపోయింది.

అక్కడ కుడివైపు తీరానికి పోయే రోడ్డుంది చూడండి, ముత్తుకూరు మీదుగా నెల్లూరు చేరొచ్చు. దాన్ని చూడగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. కానీ మామయ్యతో "లారీలంటే భయంగా ఉంది" అని ఎట్ల చెప్పేది? ఆయన ముందర నా డ్రైవింగు గురించి గొప్పలు చెప్పుకొనుండానే.

"మామయ్యా, సముద్రం వైపు నుంచి పోదామా? మంచి గాలి."

"కంటికి గాలి తగలొద్దన్నాడే డాక్టరు?"

"అద్దాలేసుకుందాం లెండి."

"అద్దాలేసుకుంటే ఇంక గాలెట్ల వస్తుందమ్మా?"

"చూడ్డానికి బాగుంటుంది మామయ్యా, ఆ వైపంతా."

ఆయన నల్లద్దాలతో నా వైపు తిరిగినాడు. నాకు అప్పుడు తెలిసొచ్చింది నేనేమన్నానో. ఆయనే, "సరే పోనీ. నేనా పక్కంతా డ్యూటీ చేసినోణ్ణే. వాకాడు బస్సులో ఎన్నేళ్ళు తిరగలేదూ? నువ్వు చూసి చెప్పు, నేను గుర్తుపడతా" అన్నాడు.

అట్ల మొదలైంది. రోడ్డు ఖాళీ. రెండు వైపులా వరి మళ్ళు, కాలవ గట్టు మీద తాటిచెట్లు. నేను చెప్తా ఉంటే ఆయన తలాడిస్తా, "ఇప్పుడొక రైసు మిల్లు రావాల", "దాని పక్కన సోడా కొట్టు" అంటా ఉన్నాడు. మిల్లూ రాలేదు, కొట్టూ రాలేదు. ఉండాయని చెప్పేస్తే పోలా అని, "ఆఁ, వచ్చింది మామయ్యా, మిల్లు" అనేసినా. పెద్దాయన సంతోషపడితే నాకేం పోయింది? ఒక సరుగుడు తోపు కూడా కల్పించి చెప్పినా.

ఆ తోపులో నుంచి వచ్చినట్టే మంచు వచ్చింది.

ముందు పొలాల మీద పలచగా కనిపించింది. చూస్తా చూస్తా ఉండగానే రోడ్డు మీదికి దిగింది. ఇంకాస్త దూరం పోయేసరికి ఎవరో తెల్ల లైనింగు గుడ్డ తానుకి తాను విప్పి కారు ముందర కట్టినట్టు అయిపోయింది. లైట్లు వేస్తే ఆ తెలుపే ఇంకా తెల్లగా మొహం మీద కొడతా ఉండాది. ఎండ ఎక్కే వేళకి మంచు పోవాలి కదా? పోలేదు. బానెట్టు దాటితే ఏమీ లేదు.

"మామయ్యా, మంచు బాగా పట్టింది. ఏం కనపడ్డం లేదు."

"నాకు రోజూ అంతే కదమ్మా" అన్నాడాయన తాపీగా.

ఫోనులో దారి చెప్పే ఆవిడ "యూటర్న్ తీసుకోండి" అని ఒకసారి అన్నది. మళ్ళీ ఏమీ అనలేదు. సిగ్నలు పోయింది. వెనక్కి తిప్పుదామంటే రోడ్డు ఎంత వెడల్పుందో, పక్కన ఏముందో తెలీదు. మెల్లగా ముందుకే పోనిచ్చినా.

అప్పుడు వినపడింది చప్పుడు. మంచు వెనకాల నుంచి, రెండు వైపులా. పడపడ పడపడ... ఊరు ఊరంతా నీళ్ళలో దిగి పరిగెత్తుతా ఉంటే ఎట్లుంటుంది, అట్ల.

"రొయ్యల గుంటల్లో చక్రాలులే" అన్నాడు మామయ్య. "నీళ్ళలో గాలి కొడతాయి, రొయ్యలు ఊపిరి పీల్చుకోను. కరెంటు మీద తిరగతాయి."

హమ్మయ్య అనుకున్నా. ఆ మాట అనుకోవడం ఆలస్యం, చప్పుడంతా ఒక్కసారిగా ఆగిపోయింది. ఎవరో చెయ్యెత్తి ఆపినట్టు. కరెంటు పోయి ఉంటుంది, అది నాకూ తెలుసు. కానీ ఆ తర్వాత వచ్చిన నిశ్శబ్దం ఉందే, అది వేరు. పిట్ట కూత లేదు. మనిషి మాట లేదు. కారు ఇంజను చప్పుడు ఒక్కటే. అది కూడా ఎవరిదో కారైనట్టు వినపడతా ఉండాది.

రోడ్డు అక్కడ రెండుగా చీలింది. చీలిన చోట ఒక మనిషి నిలబడి ఉన్నాడు.

దేవుడా, మనిషి కనపడ్డాడు అని నాకెంత సంతోషమో! ఫుల్ చేతుల చొక్కా, లుంగీ, తలకి హెల్మెట్టు. హెల్మెట్టెందుకు అనిపించింది గానీ, బండి ఎక్కడో ఆగిపోయి ఉంటుందిలే అనుకున్నా. ఆయనకి కాస్త దూరంలోనే కారాపి అద్దం దించినా.

"అన్నా! ముత్తుకూరుకి ఎట్ల పోవాల?"

పలకలేదు. మంచు అద్దంలో నుంచి లోపలికి వస్తా ఉండాది, ఉప్పు వాసన, బురద వాసన.

"అన్నా, నిన్నే! ముత్తుకూరు!"

ఆ మనిషి తల తిప్పలేదు. కుడి చెయ్యి మాత్రం మెల్లగా, చాలా మెల్లగా పైకి లేచింది. ఎడమ రోడ్డు వైపు చూపించి అక్కడే ఆగింది.

"థ్యాంక్సన్నా" అనేసి ఎడమకి తిప్పినా.

"ఏమన్నాడు?" అన్నాడు మామయ్య.

"ఎడమకి చెయ్యి చూపించినాడు."

"మాట్లాడలేదే?"

"మూగాయనేమో మామయ్యా."

కొంచెం దూరం పోయినాక రోడ్డు మట్టిరోడ్డైంది. ఇంకొంచెం పోతే అది రోడ్డు కూడా కాదు. రెండు పక్కలా నీళ్ళు, మధ్యలో కారు పట్టేంత కట్ట. నీళ్ళు నల్లగా, కదలకుండా. ఆ కట్టల మీద, మంచులో, మనుషులు. అక్కడొకరు, ఇక్కడొకరు. అందరూ నీళ్ళ వైపే చూస్తా నిలబడి ఉన్నారు. ఒకావిడ నైటీలో ఉంది. ఒకరికి తల ఉన్న చోట కుండ ఉంది.

కుండ చూసినాకే నాకు అర్థమైంది. దిష్టిబొమ్మలు. పక్షులు రొయ్యల్ని ఎత్తుకుపోకుండా కర్రలకి పాత బట్టలు తొడిగి పెట్టినారు. అంత భయంలో కూడా నా కన్ను ఆ నైటీ చంకల కుట్టు మీదికే పోయింది. అంచు పోగులు ఊడకుండా ఓవర్‌లాక్ కూడా చేయలేదు. ఛీ, ఏం కుట్టినారో అనుకున్నా.

ఆ తర్వాత తట్టింది. నేను దారి అడిగింది కూడా బొమ్మనే! బొమ్మని అడిగి, బొమ్మకి థ్యాంక్స్ చెప్పి, బొమ్మ చూపించిన దారిలో వచ్చినా!

సరే, గాలికి చొక్కా చెయ్యి లేచి ఉంటుంది అనుకొని సర్దుకుంటా పక్కకి చూసినా. కట్ట మీద గడ్డి పరక కూడా కదలడం లేదు. గాలెక్కడుంది?

ఆ ఆలోచనలోనే స్టీరింగు కొంచెం పక్కకి పోయింది. కొంచెమే. ఎడమ ముందు చక్రం జర్రున జారింది. కారు మామయ్య వైపుకి ఒరిగి, ఒక్క కుదుపుతో ఆగిపోయింది.

"స్టాపేదమ్మా?" అన్నాడు మామయ్య. వెంటనే, "నా పక్కన నీళ్ళ వాసన వస్తా ఉండాదే" అన్నాడు.

ఆయన చెయ్యి తలుపు మీదికి పోతా ఉండాది. తలుపు తీసి కాలు పెడితే నేరుగా గుంటలోకే!

"తీయొద్దు మామయ్యా! కదలొద్దు! ఆ పక్క నేల లేదు!"

నేను నా పక్క దిగి, ఆయన చేతులు పట్టుకొని నా సీటు మీదుగా లాగాల. గేరు రాడ్డు దాటాల. డాక్టరు వంగొద్దన్నాడు. వంగకుండా కారులో గేరు దాటడం ఎట్లనో మీరెవరైనా చేసి చూడండి. ఆయన నడుము నిటారుగా పెట్టుకొని, సీట్లో వెనక్కి వాలి, కాళ్ళు ముందర పెట్టి, జారుకుంటా వచ్చినాడు. మధ్యలో తుమ్ము వచ్చింది. "తుమ్మొద్దు! తుమ్మొద్దు!" అని నేను ఆయన ముక్కు పట్టేసుకున్నా. ఎట్లనో కట్ట మీద నిలబెట్టినా. ఆయన కంటికి ఏమైనా అయితే మా ఆయనకి, ఆడబిడ్డకి ఏం మొహం చూపించాల? కారు పోతే పోయింది. కన్ను పోతే?

అప్పుడు అరిచినారు.

"హోయ్! ఎవర్రా అది?"

మగ గొంతు. పెద్దది. ఏ పక్కనుంచి వచ్చిందో తెలీలేదు. నీళ్ళ మీద నుంచా, వెనకనుంచా, పైనుంచా...

"నేనన్నా! నెల్లూరు పోవాల, దారి తప్పినాం!" అని అరిచినా.

"పో!"

"పోతామన్నా! కారు దిగబడింది!"

"పొమ్మంటుంటే!"

"ఎట్ల పోయేదన్నా, చక్రం గుంటలో ఉండాది! పెద్దాయన ఉన్నాడు, కంటి ఆపరేషనైంది! కాస్త రాన్నా!"

"పో! పో!"

రేకు డబ్బా మీద కొట్టినట్టు టంగుటంగుమని చప్పుడు. ఖళ్ళు ఖళ్ళుమని ఒక దగ్గు. అంతే. మళ్ళీ నిశ్శబ్దం.

నాకు ఏడుపొచ్చింది. మనిషన్నాక ఇంత రాయిలాగా ఉంటాడా? కట్ట పాడు చేసినానని కోపమేమో, బతిమాలుకుందాం అనుకొని, రెండు చేతులూ జోడించి, మంచులోకి చూస్తా చెప్పుకొచ్చినా. తెలీక వచ్చినామని, తప్పైపోయిందని, నష్టమేదైనా ఉంటే మా ఆయనొచ్చి మాట్లాడతాడని. ఎంత మర్యాదగా చెప్పినానో! మా ఆయనతో ఎప్పుడూ అట్ల మాట్లాడి ఎరగను.

అంతా విన్నట్టే ఆగి, "హోయ్! ఎవర్రా అది?" అన్నాడు.

"ఇప్పుడే కదయ్యా చెప్పింది!"

"పో!"

అప్పుడు మామయ్యకి కోపం వచ్చింది. కండక్టరు గొంతు బయటికి తీసినాడు. నిండు బస్సులో వెనక సీటు దాకా వినపడే గొంతది. "ఏమయ్యా! ఆడకూతుర్ని పట్టుకొని రా, గీ అంటావా? మర్యాద లేదా?"

"పొమ్మంటుంటే!"

"నువ్వే పో! రోడ్డు నీ అబ్బదా?"

"పో! పో!"

టంగు టంగు. ఖళ్ళు ఖళ్ళు.

నేను కూడా ఊరుకోలేదు. మనసులో ఉన్నదంతా అరిచేసినా. లారీల మీద కోపం, మా ఆయన మీద కోపం, మంచు మీద కోపం, అన్నీ కలిపి ఆ గొంతు మీద పోసినా. అట్ల ఎంతసేపు పోట్లాడినామో తెలీదు. అతను మాత్రం ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు, తక్కువా మాట్లాడలేదు.

ఉన్నట్టుండి మామయ్య నా చెయ్యి పట్టుకున్నాడు. ఆయన వేళ్ళు చల్లగా ఉండాయి.

"అమ్మా, గ్రేసమ్మా. అరవొద్దు. విను."

"ఏంది మామయ్యా?"

"ఆ దగ్గు విను."

విన్నా. ఖళ్ళు ఖళ్ళు... చిన్న గ్యాపు... ఖళ్.

"ఇందాక కూడా ఇట్లనే దగ్గినాడు" అన్నాడు మామయ్య గొంతు బాగా తగ్గించి. "అంతకు ముందు కూడా ఇట్లనే. మనిషైతే ఒక్కసారైనా వేరేగా దగ్గుతాడు కదమ్మా?"

చుట్టూ ఆ బొమ్మలు. నీళ్ళ వైపు చూస్తా ఉండే బొమ్మలు ఇప్పుడు మా వైపు తిరిగినట్టే అనిపించింది. మంచులో ఏది ఎటు తిరిగిందో ఎవరికి తెలుసు? నేను మామయ్య భుజానికి అతుక్కొని నిలబడినా.

ఆయన మెల్లగా ఒక కీర్తన ఎత్తుకున్నాడు. మా అత్తమ్మకి ఇష్టమైంది, ఆమె పోయినరోజు పాడింది. నేను కూడా అందుకున్నా. ఏ శ్రుతో, ఏ తాళమో. కళ్ళు మూసుకుంటే భయం, తెరిస్తే ఇంకా భయం. తెరిచే పాడినా.

ఆ గొంతు మళ్ళీ "హోయ్" అన్నది, మేము ఆపలేదు. అప్పుడు ఇంకో చప్పుడు. నీళ్ళలో. చిలుక్... చిలుక్... ఆగి ఆగి, దగ్గరికి వస్తా.

గుంట మీద మంచులో ఒక తెల్లటి ఆకారం కనపడింది. తల నుంచి కాళ్ళ దాకా తెలుపు. నిటారుగా నిలబడి ఉంది. పడవ లేదు, ఏమీ లేదు. నీళ్ళ మీద నిలబడి, అడుగు వేయకుండా, మా వైపే వస్తా ఉంది.

నా పాట ఆగిపోయింది.

"మామయ్యా..."

"ఏమ్మా?"

"నీళ్ళమీద... నీళ్ళమీద ఎవరో వస్తున్నారు మామయ్యా. తెల్ల బట్టల్లో. నడుచుకుంటా."

ఇట్లాంటి మాట మామయ్యలాంటి మనిషికి చెప్పొచ్చునా? చిన్నప్పటినుంచి ఆదివారం ఒక్కటి కూడా మానకుండా చర్చికి పోయే మనిషికి? ఆయన మొహం వెలిగిపోయింది. "ప్రభువా!" అని రెండు చేతులూ పైకెత్తి, మోకాళ్ళ మీదికి దిగబోయినాడు. నుదురు నేలకి ఆనించేదానికి!

"వంగొద్దు మామయ్యా! కన్ను!" అని నేను ఆయన నడుం పట్టుకొని పైకి లాగతా ఉన్నా. ఆయన కిందికి, నేను పైకి. "వదులమ్మా, ఎవరొచ్చినారో తెలుసా!" "ఎవరైనా సరే, డాక్టరు వద్దన్నాడు!" ఆ పెనుగులాటలో ఇద్దరం నీళ్ళలో పడకపోవడం ఒక్కటే ఆరోజు జరిగిన అద్భుతం.

"అక్కా" అన్నాడు ఆ వచ్చినాయన. "ఈ కట్ట మీదికి కారెందుకు తెచ్చినారు?"

చూస్తే మనిషే. పొట్టిగా, గడ్డంతో. మంచుకి తడవకుండా రొయ్యల మేత గోతాన్ని తల మీది నుంచి కప్పుకున్నాడు, అదీ తెలుపు. కాళ్ళ కింద థర్మాకోల్ తెప్ప, నీళ్ళకి సమానంగా మునిగి ఉంది. చేతిలో గెడ. మేత చల్లను దాని మీదే తిరగతారంట. పేరు రమణయ్య. గుంటకి అవతల షెడ్డులో భార్య పెంచలమ్మతో కాపలా ఉంటాడు.

"ఇంతసేపటినుంచి అరుస్తుంటే రావా? పైగా పో పో అంటావా?" అని నేను అతని మీదికి పోయినా.

"నేనెక్కడ అన్నానక్కా?"

సరిగ్గా అప్పుడే "హోయ్! ఎవర్రా అది?" అని వినపడింది. రమణయ్య నోరు మూసే ఉంది. నేను మామయ్య వెనక్కి దూకినా.

రమణయ్య నవ్వుకుంటా గెడతో చూపించినాడు. కట్టకి అవతల కర్రకి కట్టిన మైకు పెట్టె. బ్యాటరీతో నడుస్తుందంట. "పక్షుల్ని తోలడానికక్కా. నా గొంతే. రికార్డు చేసిన రోజు జలుబు చేసి ఉన్నింది. దగ్గు కూడా పడిపోయింది, తీసేది తెలీలా."

మామయ్య గట్టిగా ఊపిరి వదిలినాడు. నేలమీద కూర్చోబెట్టినా, వంగకుండా.

"మరి మేము అంత అరిస్తే ఎందుకు రాలేదయ్యా?" అన్నాడు.

రమణయ్య తల గోక్కున్నాడు. "నిజం చెప్పాలంటే పెద్దాయనా, మేమూ భయపడినాం. మంచులో ఆడమనిషి గొంతు. ఆ పెట్టెతో మాట్లాడతా ఉంది, బతిమాలతా ఉంది, తిడతా ఉంది. మనిషైతే పెట్టెతో మాట్లాడుతుందా? మా పెంచలమ్మ తలుపేసి గడియ పెట్టేసింది. తర్వాత మీరు దేవుడి పాట ఎత్తుకున్నారు. 'దెయ్యమైతే దేవుడి పాట పాడదు, పోయి చూసి రా పో' అని అప్పుడు నన్ను బయటికి తోసింది."

అంటే ఇంతసేపూ గుంటకి ఈవలి వైపు మేము, ఆవలి వైపు వాళ్ళు, ఒకరికి ఒకరు దెయ్యాలం!

తర్వాత పని తొందరగానే అయిపోయింది. పెంచలమ్మ వచ్చింది, నన్ను చేత్తో తాకి చూసి మరీ టీ పోసింది. రమణయ్య ఫోను చేస్తే పక్క గుంటల నుంచి ట్రాక్టరు వచ్చి కారుని వెనక్కి లాగింది. మామయ్య కంట్లో మందు చుక్కలు వేసి చూసినా. ఎరుపు లేదు, నీరు లేదు. అప్పుడు గానీ నాకు టీ రుచి తెలీలేదు.

మంచు పలచబడింది. రమణయ్యని ఎక్కించుకొని ట్రాక్టరు ముందర, మేము వెనక. రోడ్డు చీలిన చోటుకి వచ్చేటప్పుడు నేను అద్దం దించి, "రమణయ్యా, ఇక్కడ పెట్టిన బొమ్మ తీసెయ్యి. హెల్మెట్టు పెట్టినారు చూడు. జనాలు మనిషనుకుంటారు" అన్నా.

రమణయ్య ట్రాక్టరు మీద నుంచి వెనక్కి తిరిగి చూసినాడు. "ఇక్కడా? ఇక్కడ మేమేం పెట్టలేదే. గుంటలు లేని చోట బొమ్మెందుకక్కా?"

అక్కడ ఎవరూ లేరు. కర్ర లేదు, గుడ్డ లేదు. తడి మట్టిలో కర్ర పాతిన గుంత కూడా లేదు.

నేను అద్దం ఎక్కించేసినా. తారు రోడ్డు నల్లగా కనపడినాక మామయ్య మెల్లగా అన్నాడు. "ఎవరో ఏమోలేమ్మా. అడిగినదానికి చెప్పినాడు. దారి తప్పు చెప్పినాడు గానీ, మర్యాదస్తుడే." ఆ తర్వాత మేమిద్దరం దాని గురించి మాట్లాడుకోలేదు. మీకు చెప్పడమే మొదటిసారి. చూడండి, చేతి మీద వెంట్రుకలు ఎట్ల లేచినాయో.

అసలు విషయం ఇంకోటి ఉంది, ఆగండి. బయల్దేరే ముందర రమణయ్య నసుగుతా దగ్గరికొచ్చినాడు. "అక్కా, ఏమనుకోకపోతే ఒక మాట. నా గొంతుకి పక్షులు అలవాటు పడిపోయినాయి. మైకు పెట్టె మీదే కూర్చుంటాయి. మీరు అరిచినప్పుడు మాత్రం గుంటల మీదున్న కొంగలు, నీటికాకులు అన్నీ ఒక్కసారిగా లేచిపోయిన చప్పుడు షెడ్డులోకే వినపడింది. ఒక్కసారి ఇందులో అరిచిపోతారా?"

ట్రాక్టరు పిలిపించినాడు, టీ ఇచ్చినాడు. కాదని ఎట్ల అంటా? ఫోను నోటి దగ్గర పెడితే అరిచినా. మామయ్య పక్కనుంచి "ఇంకా గట్టిగా, ఇంకా గట్టిగా" అంటా ఉత్సాహపరిచినాడు.

నిన్న రమణయ్య ఫోను చేసినాడు. "అక్కా, మీ గొంతు పెట్టినప్పటినుంచి ఒక్క కొంగ కూడా వాలలేదు. కాకపోతే పనోళ్ళు కూడా పొద్దున పూట ఆ కట్ట మీదికి రామంటున్నారు."

చర్చి క్వయర్‌లో ఇన్నేళ్ళుగా పాడతా ఉన్నా. ఎప్పుడూ వెనక వరసే. మైకు దగ్గరికి రానివ్వరు. నా గొంతు మెచ్చుకొని రికార్డు చేసుకున్న మొదటి మనిషి రమణయ్యే. అది కూడా రోజంతా వేస్తున్నాడంట.